అభిమన్యుని పంపినవారు

యుద్ధకథ యనగానే చెవులు నిక్కబొడుచుకొనని విద్యార్థిని ఇన్నేండ్ల అధ్యాపకవృత్తిలో నేను చూడలేదు. ఛందస్సు చెప్పునపుడు కిటికీవైపు చూచువారును, సంధుల పేరెత్తగానే కునికిపాట్లు పడువారును ద్రోణపర్వమనగానే నిటారుగా కూర్చుందురు. ఇది వారి లోపము కాదు. చెప్పువారికిని అదియే ఇష్టము. పద్మవ్యూహమును నల్లబల్లపై వలయములు వలయములుగా గీసి, సైంధవుడు అడ్డు నిలిచిన చోట సుద్దముక్కతో ఒక్క పోటు పొడిచి, గొంతు కొంచెము పెంచినచో చాలును. అరువదిమంది పిల్లలు ఊపిరి బిగబట్టుదురు. తరగతి యంతయు తన గుప్పిటనున్నదని తోచు ఆ క్షణమునందలి గర్వము ఎట్టిదో ఉపాధ్యాయసోదరులకు నేను వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ గర్వముపై నాకు మొదటిసారి అనుమానము కలిగించినవాడు పండితుడు కాడు, విమర్శకుడును కాడు. నా పూర్వవిద్యార్థి యొకడు.

అది 1999వ సంవత్సరము. కార్గిల్ కొండలమీద మే నెలలో మొదలైన పోరు జూలై చివరివరకు సాగినది. కళాశాలలు తెరచిన దినము లవి. బాన్సువాడ బస్టాండులో ఉదయపు పత్రికల కట్ట దిగకమునుపే చుట్టును జనము మూగెడివారు. టీకొట్లలో టోలోలింగ్, టైగర్ హిల్ అను పేర్లు మన మంజీర, నిజాంసాగరుల పేర్లవలె నోట నానినవి. అట్టి వేళ నేను అభిమన్యుని పాఠము చెప్పితిని. అంత బాగుగా అంతకుముందు చెప్పలేదు; ఆ తరువాతను చెప్పలేదు. అభిమన్యుడు నేలకొరిగిన పద్యముతో పుస్తకము మూసి, ఒక నిమిషము మౌనముగా నిలిచి, వెలుపలికి వచ్చితిని. ఆ మౌనము కూడ ముందుగా తలచి పెట్టుకొన్నదే యని ఇప్పుడు ఒప్పుకొనుటలో నాకు సంకోచము లేదు.

ఆ తరగతిలో, కాలువక్రింది పల్లెనుండి సైకిలుమీద వచ్చు కుర్రవాడొకడు మరుసటి యేడు సైన్యములో చేరెను. నా పాఠము విని చేరెనని చెప్పుకొనుట అతిశయోక్తి. ముగ్గు రన్నదమ్ములు, ఎకరమున్నర పొలము ఉన్న ఇంటిలో ఒకడు సిపాయి యగుటకు తిక్కన సోమయాజి సిఫారసు అక్కరలేదు. పదునెనిమిదేండ్లు కొలువు చేసి, హవల్దారుగా పింఛను పుచ్చుకొని తిరిగివచ్చినాడు. ఒకనాటి సాయంకాలము గ్రంథాలయములో నన్ను చూచి నమస్కరించి ప్రక్కన కూర్చుండెను.

"సార్, ద్రోణపర్వం ఇప్పుడు గూడ చెప్తున్నరా?"

"చెప్తున్న."

"అభిమన్యుడు పడ్డకాడనే పుస్తకం మూస్తున్నరా?"

నేను మాటాడలేదు. సెలవుమీద వచ్చినపుడు కొన్న వచనభారత మొకటి అతని పెట్టెలో నుండెడిదట. రాత్రి కాపలా లేని దినములలో కొంచెము కొంచెముగా చదివినాడట. "అటెన్క ధర్మరాజు ఏడ్చేది ఉన్నది సార్. అది మీరు మాకు జెప్పలే" అనెను. కొంతసేపు ఊరకుండి, "నేను గూడ పోరగాండ్లను ముంగటికి పంపిన సార్" అని, బల్లమీది పత్రికల మడతలు సరిచేయసాగెను. అంతకుమించి అతడు చెప్పలేదు; నేను అడుగలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ద్రోణపర్వము మరల తీసితిని. చదివిన పుస్తకమే. అంచులలో నా చేతివ్రాతయే ఉన్నది. అలంకారములకు గీతలు, పరీక్షకు వచ్చు పద్యములకు నక్షత్రములు. అభిమన్యుని మరణము తరువాతి పుటలు మాత్రము కొన్ననాటివలె తెల్లగా నుండెను.

కథ అందరికిని తెలిసినదే. భారతయుద్ధమున పదుమూడవ దినము. అర్జునుని సంశప్తకులు దూరముగా తీసికొనిపోయిరి. ద్రోణుడు పన్నిన వ్యూహమును భేదింపగలవాడు పాండవశిబిరమున మరియొకడు లేడు. ధర్మరాజు అభిమన్యుని పిలిచెను. లోనికి పోవు విద్య తెలియును, వెలుపలికి వచ్చు విద్య తెలియదని ఆ బాలుడు దాపరికము లేక చెప్పెను. ఇది మనము తరచు మరచు సంగతి. అభిమన్యుడు తెలియక పోలేదు. పెద్దలును తెలియక పంపలేదు. నీవు దారి చేసిన చాలును, వెంటనే మేమందరము వత్తుమని వారు మాట యిచ్చిరి. శివుని వరము పొందిన సైంధవుడు వారిని ద్వారముననే నిలిపివేసెను. ఇంతవరకు ప్రతి తరగతిలోను చెప్పుదుము. అటుపైని ఆరుగురు రథికులు చుట్టుముట్టుట, విల్లు విరుగుట, రథచక్రము నెత్తుట, ఇవియు చెప్పుదుము. ఆపైని గంట కొట్టుదురు.

గంట తరువాతి భాగములో ధర్మరాజు నేలమీద కూలబడియుండును. అర్జునునకు ఏమని చెప్పుదును, సుభద్ర మొగము ఎట్లు చూతును అనునది అతని మొదటి దుఃఖము. దానికంటె లోతైనది మరియొకటి కలదు. కుడుచునపుడు, తొడుగునపుడు, ఎక్కి తిరుగునపుడు ముందుగా పిలువవలసిన బిడ్డను పోరునకు ముందుగా పిలిచితిమన్న భావమును వ్యాసుడు ఆ ధర్మజుని నోట పలికించెను. శత్రువుల అధర్మమును గూర్చి ఆ సమయమున అతనికి పెద్దగా పట్టింపు లేదు. తాను పంపితినన్న ఒక్క మాటయే అతని గొంతులో అడ్డుపడినది. వ్యాసమహర్షి స్వయముగా వచ్చి, గతించిన మహారాజుల చరిత్రలు పదునారు చెప్పి ఓదార్చవలసి వచ్చెను. పదునారేండ్ల బిడ్డకై పదునారుగురు రాజుల కథలు! షోడశరాజచరిత్రమును విద్యార్థిదశలో నేను విసుగుతో దాటవేసితిని. కథాగమనమునకు అడ్డమని ఆనాటి నా అభిప్రాయము. ఒక పెద్దమనిషి దుఃఖము తగ్గుటకు ఎన్ని కథలు కావలెనో అప్పుడు నాకేమి తెలియును?

మరల చదివినపుడు కనబడినది ఇంకొకటి. ఆ వ్యూహములో బాలుడు అభిమన్యు డొక్కడే కాడు. దుర్యోధనుని కుమారుడు లక్ష్మణుడు ఆ దినముననే, ఆ అభిమన్యుని చేతనే, తండ్రి చూచుచుండగా కూలెను. మనవారికి లక్ష్మణకుమారుడనగానే 1957లో వచ్చిన 'మాయాబజార్' చిత్రములోని రేలంగి వెంకట్రామయ్యగారు కనబడి నవ్వు వచ్చును. ఆ నవ్వులో తప్పు లేదు. కాని ద్రోణపర్వమునందలి లక్ష్మణుడు నవ్వులాటకు వచ్చినవాడు కాడు. అల్లారుముద్దుగా పెరిగిన రాజకుమారుడు. తుదకు అభిమన్యుని గదతో మోదినవా డెవడు? ద్రోణుడు కాడు, కర్ణుడు కాడు. దుశ్శాసనుని కొడుకు. ఇద్దరును గదలతో కొట్టుకొని పడిపోగా, ముందుగా లేచినవాడు లేవబోవువానిని కొట్టెను. మహారథులందరు చుట్టు నిలిచియుండగా ఒక పిల్లవాడు మరియొక పిల్లవానిని చంపెను. నేను నల్లబల్లపై గీసిన వలయములలో ఈ సంగతికి చోటు లేకపోయెను.

సాయంకాలము అర్జునుడు తిరిగివచ్చు ఘట్టము నాకు ఇప్పుడు ప్రతిజ్ఞకంటె గొప్పగా తోచుచున్నది. శిబిరములో వాద్యధ్వని లేదు. యోధులు తలలు వంచుకొని తప్పుకొనుచున్నారు. ప్రతిదినము నవ్వుచు ఎదురువచ్చు కుమారుడు రాలేదు. ఎవరును చెప్పకమునుపే తండ్రికి తెలిసిపోయెను. సైంధవుని సూర్యాస్తమయములోపల చంపుదునని అతడు చేసిన శపథము హరికథలలోను, బుఱ్ఱకథలలోను మారుమ్రోగినది. ఆ శపథమునకు ముందు అన్నదమ్ములను చూచి, మీ కవచములు, ఆయుధములు అలంకారమునకా యని అడిగిన ప్రశ్న మాత్రము వేదికలమీద అంతగా వినబడదు. శపథమునకు చప్పట్లు వచ్చును. ఆ ప్రశ్నకు చప్పట్లు రావు.

ఇట్లు ఒక కథలో కంటబడినది మిగిలినవానిలోను ఉన్నదా యని వెదకుట నాకు పనియైనది. మొదట తీసినది పల్నాటి వీరచరిత్రము. శ్రీనాథుని పేర మంజరీద్విపదలో నిలిచిన ఈ కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించిన తరువాత బాలచంద్రుడు తెలుగు పిల్లలందరికిని అన్నయైనాడు. పండ్రెండవ శతాబ్దిలో, 1182 ప్రాంతమున, నాగులేటి యొడ్డున కారెంపూడి రణరంగమందు దాయాదులు పోరిరి. కోడిపందెమున ఓడి, గడువు ప్రకారము వనవాసము చేసివచ్చిన మలిదేవాదులకు నలగామరాజు పక్షమువారు రాజ్యభాగ మీయలేదు. రాయబారిగ పోయిన అలరాజు విషప్రయోగమునకు బలియయ్యెను. భారతముతో పోలికలను విద్యార్థులే చెప్పగలరు.

బ్రహ్మనాయుడు కొడుకును రణమునకు వెంట తీసికొనిపోలేదు. తల్లి ఐతాంబ యొద్దనే విడిచిపోయెను. అందరికిని సమబంతి పెట్టిన సంస్కర్త, రాజ్యమునకై సర్వమును ఒడ్డినవాడు, ఆ ఒక్క బిడ్డను మాత్రము ఒడ్డలేకపోయెనా? చిన్ననాడు ఇది నాకు తట్టలేదు. బాలచంద్రుడు బొంగరము లాడుచుండగా ఒక బొంగరము ఎగిరివచ్చి కోమటి స్త్రీకి తగిలెను. తండ్రులు యుద్ధభూమిని ఉండగా నీ కీ యాటలేమి, నీ శౌర్య మచట చూపరాదా యని నొప్పితో ఆమె ఎత్తిపొడిచెను. అంతవరకు అతనికి యుద్ధముమాటయే సరిగా తెలియదు. వీరచరిత్రమంతయు ఆ బొంగరపుములుకుమీద తిరిగినది. తల్లి ఆపజూచెను. భార్య మోహమునకైనను నిలుచునేమోయని మాంచాల యింటికి పంపెను. మాంచాల కత్తి యిచ్చి సాగనంపెను.

మాంచాలను మనము ఎంత పొగడితిమి! పొగడవలసినదే. కాని మరల చదివినపుడు నా చూపు ఆమెమీద నిలువలేదు. కొడుకును కోడలియింటికి పంపి, వాకిట నిలిచి, ఆమె ఆపునను ఆశతో ఎదురుచూచు ఐతాంబమీద నిలిచినది. ఆ తల్లి వేసిన ఎత్తు పారలేదు. పంపదలచినవారికిని, ఆపదలచినవారికిని నడుమ చిక్కిన మనిషి ఆమె. మన వ్యాసములలో, వక్తృత్వపు పోటీలలో ఐతాంబ పేరు వినబడుట నేనెరుగను.

కార్తికమాసములో ఒకమారు కారెంపూడి పోయితిని. అమావాస్యనుండి అయిదు దినములు అచట వీరారాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని దినమున కొక పేరు. వీరుల విగ్రహములకంటె వారి ఆయుధములకే ఎక్కువ పూజ. ఊరూరినుండి ఆచారవంతులు వానిని మోసికొనివత్తురు. మందపోరునాడు చాపకూడు కుడుతురు. వీరవిద్యావంతులు రాత్రులు కథ పాడుదురు. ఈ గాయకుల కథను ధ్వనిముద్రణము చేసి, జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు 1982లో ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. శ్రీనాథుని ద్విపదలో లేని ఘట్టములు ఆ పాటలో ఎన్నియో కలవు. జనసమూహములో నా ప్రక్కన కూర్చున్న ముసలమ్మ ఒకతె బాలచంద్రుడు తల్లి యొద్ద సెలవు తీసికొనునప్పుడు కొంగుతో కన్నులు ఒత్తుకొనెను. యుద్ధఘట్టము రాగానే చక్కగా కునుకు తీసెను. ఎన్నియో యేండ్లుగ ఆమె ఈ కథను వినుచునే యున్నది. పునఃపఠనమను మాట ఆమె కెవరును నేర్పలేదు.

తిక్కన యింటిలోనే ఇట్టి కథ యొకటి జరిగినదని చాటువులు చెప్పును. ఖడ్గతిక్కన మనుమసిద్ధి సేనాని. కవితిక్కనకు పినతండ్రి పెదతండ్రి వరుస సోదరుడు. పశువుల మేతకు పుల్లరి యీయలేదని కాటమరాజుతో వచ్చిన పోరులో ఖడ్గతిక్కన వెనుదిరిగి యింటికి వచ్చెనట. భార్య స్నానమునకు మంచము చాటుపెట్టి పసుపుముద్ద యుంచెను. తల్లి విరిగిన పాలు పోసి, పసులతోపాటు పాలును విరిగినవనెను. సిగ్గుపడి అతడు మరల రణమునకు పోయి, తిరిగి రాలేదు. విద్యార్థిగా ఆ 'విరుగుట' లోని శ్లేషకు నేను ముచ్చటపడి, పదిమందికి చెప్పి నవ్వించితిని. ఇప్పుడు ఆ పాలగిన్నె నన్ను వదలుట లేదు. మరునాడు ఆ తల్లి పాలు కాచినదా? చాటుకథ అంతవరకు రాదు. చమత్కారము కాగానే ముగియును. చాటువునకును మహాకావ్యమునకును భేదము ఇచటనే యున్నదని నా నమ్మకము. మహాకావ్యము మరునాటిని కూడ చెప్పును. యుద్ధపర్వములను తెలిగించిన తిక్కన స్త్రీపర్వమును కూడ తెలిగించెను. కురుక్షేత్రమున శవముల నడుమ గాంధారి తిరుగుచు, తన కొడుకులనే కాక, అభిమన్యుని చెంత నున్న ఉత్తరను గూడ కృష్ణునకు చూపును. చంపినవారి పక్షపు బిడ్డకై చచ్చినవారి తల్లి యేడ్చుట ఎంత మాట!

మన భాషకు వెలుపలికి పోయినను ఈ వెదకులాట ఫలింపకపోలేదు. టాల్‌స్టాయి 'యుద్ధము–శాంతి' పేరు వినగానే మన విద్యార్థులు దాని లావు చూచి జంకుదురు. బెల్లంకొండ రామదాసు, రెంటాల గోపాలకృష్ణగార్ల తెలుగుసేత యుండబట్టి ఆంగ్లము రానివారికిని అది అందినది. ఈ పత్రిక చదువు తరమువారిలో పెక్కురు మాలతీ చందూర్‌గారు 'పాత కెరటాలు' శీర్షికలో పరిచయము చేసిన ఆంగ్ల నవలల మూలమున పరదేశపు నవలారుచి మరిగినవారే. టాల్‌స్టాయి క్రిమియా యుద్ధమున సెవాస్తపోల్‌లో స్వయముగా ఫిరంగిదళమున నుండినవాడు. 1869 నాటికి పూర్తియైన ఆ నవలలో నెపోలియనును, కుతూజోవును, బొరొదీనో సమరమును ఎరిగినవారు పేత్యా రస్తోవును మరచుట కలదు.

పేత్యా పదునైదేండ్ల బాలుడు. 1812లో నెపోలియను రష్యాపై దండెత్తగా, ఇంటిలోనివారిని వేధించి వేధించి సైన్యములో చేరెను. పోరులో పాల్గొనరాదన్న ఆజ్ఞతో ఒక ఉత్తరము తెచ్చి, దెనీసొవు దళములో నిలిచిపోయెను. పెద్దవారి సరసన కూర్చున్న సంబరములో తన వద్దనున్న ఎండుద్రాక్షపండ్లను అందరికిని పంచిపెట్టెను. చెరపట్టబడిన ఫ్రెంచి బాలుడొకడు చలిలో నిలిచియుండగా వానికి తిండి పెట్టవచ్చునా యని అడుగుటకు సిగ్గుపడి, తుదకు అడిగెను. రాత్రి కొసాక్కు ఒకడు అతని కత్తికి పదును పెట్టుచుండగా ఆ చప్పుడులో అతనికి సంగీతము వినబడెను. తెల్లవారి గుఱ్ఱమును దుమికించి పోయెను. తలలో గుండు దూరెను. యుద్ధమున ఆరితేరిన దెనీసొవు ఆ శవమును చూచునపుడు అతనికి జ్ఞప్తికి వచ్చినది రష్యా గౌరవము కాదు, ఆ ఎండుద్రాక్షపండ్లు. వార్త విన్న పేత్యా తల్లి నెలదినములలో ముసలిదైపోయెను.

మొదటి చదువులో, ఇరువదియేండ్ల వయస్సున, నేను ఈ ఘట్టమును ఒక్క గుక్కలో దాటి, నెపోలియను ఏమయ్యెనో తెలిసికొనుటకు పరుగెత్తితిని. రెండవమారు చదివినపుడు నా కొడుకునకు పదునాలుగేండ్లు. పండ్లు పంచిపెట్టు పుటకడ ఆగి, దీప మార్పివేసితిని. మరునాడు కాని ముందుకు పోలేకపోతిని.

ఉపాధ్యాయునిగా నన్ను తిన్నగా తాకిన పుస్తకము మాత్రము జర్మనుడైన రెమార్క్ వ్రాసినది. 1929లో గ్రంథముగా వెలువడిన 'ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' అను నవల. మొదటి ప్రపంచయుద్ధమున పదునెనిమిదేండ్లకే సైన్యమునకు పిలువబడి గాయపడినవాడు రెమార్క్. నాజీలు 1933లో ఆ పుస్తకమును వీథులలో తగులబెట్టిరి. ఆ కథ ఫిరంగులతో పుట్టినది కాదు, పాఠశాలలో పుట్టినది. కాంటరెక్ అను ఉపాధ్యాయుడు దేశభక్తిని గూర్చి ఉపన్యసించి ఉపన్యసించి, తన తరగతి పిల్లలను తానే నడిపించుకొనిపోయి సైన్యములో చేర్చెను. వారిలో ఒక్కడు, బేమ్ అనువాడు, వెనుకాడెను. పిరికివాడందురన్న భయమున వాడును చేరెను. అందరికంటె ముందు చచ్చినవాడు వాడే.

కాంటరెక్ దుర్మార్గుడని రెమార్క్ వ్రాయలేదు. అట్టివారు వేలకొలది యుండిరి. అందరును మంచి చేయుచున్నామనియే తలచిరి. ఇది చదివిన దినమున నల్లబల్లపై నేను పొడిచిన సుద్దముక్కపోటు నాకు జ్ఞప్తికి వచ్చినది. నేను ఎవరిని ఎచటికిని నడిపించుకొనిపోలేదని సమాధానము చెప్పుకొంటిని. సమాధానము నిజమే, అయినను నిద్ర రాలేదు.

ఆ నవలలో ఇంకొక ఘట్టము మనవంటి పుస్తకప్రియులకై వ్రాసినట్లుండును. కథానాయకుడు పాల్ సెలవుపై యింటికి వచ్చి, తన గదిలో తాను ముచ్చటపడి కొనిన పుస్తకముల ఎదుట కూర్చుండును. ఒక్కొక్కటి తీసి పుటలు త్రిప్పును. పూర్వపు ఉత్సాహము మరల రావలెనని వానిని బతిమాలుకొనును. అక్షరములు అక్షరములుగానే యుండును. మెల్లగా మరల అరలో పెట్టి లేచిపోవును. పునఃపఠనము సదా ఆనందమని వ్రాయు విమర్శకులు ఈ పుట చదువవలెను. 2022లో జర్మను భాషలో వచ్చిన క్రొత్త చలనచిత్రమును మా విద్యార్థులు కొందరు చరవాణిలో చూచి వచ్చి నాకు కథ చెప్పిరి. అందులో ఈ సెలవు ఘట్టమే లేదు! చిత్రము గొప్పదే కావచ్చును, బహుమానములును వచ్చినవి. కాని పుస్తకములు మూగవోయిన గదిని తీసివేసినపుడు తక్కినది బురదయు, నెత్తురునే కదా యని నా మొండి యభిప్రాయము.

ఇంత చెప్పితిని గనుక, వీరగాథలు పిల్లలకు చెప్పవలదందువా యని మిత్రుడొకడు నన్ను నిలదీసెను. అనను. అభిమన్యుని ధైర్యము ధైర్యమే. కార్గిల్ మంచుకొండలెక్కిన పిల్లల ధైర్యమును తూచుటకు నేనెవడను? నా తగవు చదువు ఆగు చోటుతోనే. ఇన్నేండ్లలో నేను కూర్చిన ప్రశ్నాపత్రములను ఒకమారు త్రిప్పి చూచితిని. అభిమన్యుని పరాక్రమమును వర్ణింపుడని పలుమారు అడిగియుంటిని. ధర్మరాజు దుఃఖమును గూర్చి ఒక్కమారైనను అడుగలేదు. ప్రశ్న లేని భాగమును పిల్లలు చదువరు. పిల్లలు చదువని భాగమును కొన్నాళ్లకు మనమును మరతుము. గ్రంథకర్తలు దాచిపెట్టినది ఏమియు లేదు. దాచినవారము మనము.

ఇప్పుడు మా ఊరి కళాశాల మైదానమున తెల్లవారకమునుపే పిల్లలు పరుగెత్తుచుందురు. సైన్యపు ఎంపికకు 1,600 మీటర్ల పరుగు కావలెను. నాలుగేండ్ల కొలువు పెట్టిన 2022 తరువాతను ఆ పరుగు తగ్గలేదు. ప్రాతఃకాలపు నడకలో నేను ప్రక్కకు తప్పుకొని దారి యిత్తును. వారిలో కొందరు పదిగంటలకు తలలు దువ్వుకొని నా తరగతిలో కూర్చుందురు.

ఈ యేడు ద్రోణపర్వమునకు రెండు దినములు ఎక్కువ తీసికొంటిని. నల్లబల్లపై వ్యూహము గీయలేదు. అభిమన్యుడు పడిన తరువాత పుస్తకము మూయక, ధర్మరాజు కూలబడుట, వ్యాసుడు వచ్చుట, అర్జునుడు నిశ్శబ్దమైన శిబిరములోనికి నడచుట వరుసగా చదివితిని. నిజము చెప్పవలెనన్న, పూర్వమువలె ఎవరును ఊపిరి బిగబట్టలేదు. ఇద్దరు ఆవులించిరి. మూడవ వరుసలో తండానుండి వచ్చు బాలిక యొకతె చేయి యెత్తెను.

"సార్, సుభద్రకు ఎవరు చెప్పిండ్రు?"

వెంటనే సమాధానము తోచలేదు. ముప్పది యేండ్లుగ పాఠము చెప్పుచున్నాను. ఈ ప్రశ్న నన్నెవరును అడుగలేదు. పుటలు త్రిప్పి, అర్జునుడు కోరగా కృష్ణుడు చెల్లెలి యొద్దకు పోయి ఓదార్చిన చోటు చూపితిని. ఆమె కొంచెము ఆలోచించి, "అర్జునుడు పోలేదా సార్?" అనెను.

గంట కొట్టిరి. రేపు చూతమంటిని. పుస్తకమున ఆ పుటకడ సుద్దముక్క నుంచి, ఇంటికి తెచ్చుకొంటిని.